నా ఊరు రంగూన్ అన్నందుకు

ఇప్పుడు నిద్ర పడుతోంది. అన్నం రుచి తెలుస్తోంది. ఎవరైనా తలుపు తడితే గుండె గొంతులోకి రావడం లేదు. ఇవీ ఒక విషయాలేనా అనేవాళ్ల కోసం నేనిది రాయడం లేదు. పరాయి దేశంలో కాపురం చేస్తూ, లోపల ఏదో చెడిపోతోందని తెలిసి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక గోడవైపు తిరిగి పడుకున్న ఆడవాళ్ల కోసం రాస్తున్నాను. కొంత నా కోసం కూడా. ఇందులో కొందరి మీద కోపం కనిపిస్తుంది. అది తీసేసి రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. తీసేస్తే రాయడానికి ఏమీ మిగల్లేదు.

నేను రంగూన్‌లో పుట్టాను. మా తాత టెక్కలి పక్క పల్లె నుంచి ధాన్యం మిల్లులో పనికి ఓడెక్కి వెళ్లాడు. నాన్న కలప డిపోలో గుమాస్తా. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీసు, బడిలో ఇంగ్లీషు. ఇండియా అంటే పెద్దవాళ్లు ఉత్తరాలు రాసుకునే చోటు, అంతకు మించి నాకేమీ తెలియదు. 1957లో దూరపు చుట్టరికంలో సత్యనారాయణ గారితో పెళ్లయింది. ఆయన రోడ్ల శాఖలో ఓవర్సీరు. సెలవు పెట్టి రంగూన్ వచ్చి, పెళ్లి చేసుకుని వెళ్లిపోయారు. మరుసటి ఏడు వానాకాలంలో, బర్మా పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని నేను విశాఖపట్నంలో ఓడ దిగాను. టెక్కలిలో కాపురం పెడతామనుకున్నాను. అప్పటికే ఆయన్ని జహీరాబాదు వేశారు.

రాష్ట్రం కొత్తగా కలిసిన రోజులు. బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దాకా ఆయనకు పని. పొద్దున్నే సైకిలెక్కి పోతే సాయంత్రానికి తారు వాసనతో, ఎర్రదుమ్ముతో వచ్చేవారు. పగలంతా నేను ఒక్కదాన్నే. ఊళ్లో బోర్డులు ఉర్దూలో ఉండేవి. సంతలో కన్నడం, మరాఠీ వినిపించేవి. తెలుగు మాట్లాడితే నాది వాళ్లకు అర్థమయ్యేది కాదు, వాళ్లది నాకు అర్థమయ్యేది కాదు. వంకాయలు అమ్మే ఆవిడ నేను నోరు తెరిస్తే చాలు, పక్కామెను పిలిచేది.

"ఇగో, గీ బర్మామె మాట్లాడుతది, జర వినుండ్రి!"

అందులో చెడ్డ ఉద్దేశం లేదు. కానీ నేను రెండో నెల నుంచి సంతకు వెళ్లడం మానేశాను.

సాయంత్రం ఆయనతో చెప్పుకుంటే ఒకటే మాట. "మన దేశం వచ్చావు. మనవాళ్ల మధ్య ఉన్నావు. ఇంకా దిగులేంటి వరాలూ?"

పరాయి దేశం వెళ్లినవాళ్లకు బెంగ పెట్టుకునే హక్కు ఉంటుంది. నాకు అది కూడా లేదు. అందరి లెక్కలో నేను ఇంటికి తిరిగి వచ్చినదాన్ని.

నన్ను పరాయిదానిగా ఒప్పుకున్న చోటు ఊరంతటికీ ఒక్కటే, పోలీసు ఠాణా. నా పాస్‌పోర్టు బర్మాది కాబట్టి ప్రతి ఏడూ శ్రావణంలో వెళ్లి, ఇక్కడ ఉండటానికి పర్మిట్ కొత్తది చేయించుకోవాలి. అక్కడ కాగితాలు రాసే రైటరు మాణిక్‌రావు గారు. బీదరు పక్క మనిషి, యాభై దాటినవాడు. మొదటి ఏడు ఫారం నింపుతూ, పుట్టిన ఊరు అన్న చోట ఆగి తల ఎత్తారు.

"రంగూన్... శానా దూరం గదమ్మా. ఇల్లు యాదికొస్తదా?"

జహీరాబాదులో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఏడుపు వచ్చేసింది. ఆయన కంగారుపడలేదు. మంచినీళ్లు తెప్పించి, తన పని తాను చేసుకుంటూ కూర్చున్నారు.

"నాది ఈడికి ఇరవై మైళ్లు," అన్నారు. "మొన్నటిదాంక బీదరు, జహీరాబాద్ ఒక్కటే జిల్లా. ఇప్పుడు గది వేరే రాష్ట్రం అయింది. ఇరవై మైళ్లకే నాకు పరేషాన్‌గ ఉంటది. నీకు సముద్రం అడ్డముంది. ఏడువు తల్లీ, ఏం కాదు."

జబ్బు 1960 ఆషాఢంలో మొదలైంది. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. రంగూన్‌లో ఆ నెలల్లో వాన పడుతూనే ఉంటుంది. బట్టలు ఆరవు, గోడలు పాకుడు పడతాయి, మాటకు మాట వినిపించదు. ఇక్కడ పొడి ఆకాశం. ఒక మధ్యాహ్నం జొన్నపిండి కలుపుతుంటే ఊపిరి మధ్యలో ఆగిపోయింది. చేతులు మొద్దుబారాయి. చచ్చిపోతున్నానని గట్టిగా అనిపించింది. పావుగంటకు సర్దుకుంది. మూడో రోజు మళ్లీ వచ్చింది. తరువాత రోజూ. గడప దాటితే వస్తుందేమోనని గడప దాటడం మానేశాను. మనుషులు వస్తే వస్తుందేమోనని తలుపు గడియ పెట్టుకునేదాన్ని. నెల తిరిగేసరికి మంచం దిగడానికే భయపడే స్థితికి వచ్చాను.

మా అత్తగారు టెక్కలి నుంచి వచ్చింది. వచ్చిన రోజునే నా మొహం చూసి తేల్చేసింది. "ఓడలో ఏదో గాలి పట్టేసిందిరా దీనికి. నీళ్ల మీద వచ్చిన మనిషి కదా!" తాయెత్తు కట్టించింది. వేపమండలతో కొట్టించింది. అది తగ్గించకపోగా, ఇంట్లో నా మాటకు ఉన్న విలువ కాస్తా పోయింది. నేను ఏం చెప్పినా ఆ గాలి మాట్లాడుతోందనేవారు.

తరువాత ఊళ్లో సర్కారు దవాఖాన. వరండాలో బల్ల మీద గంటలు గంటలు కూర్చునేవాళ్లం. పిల్లల దగ్గులు, ఫినాయిలు వాసన, లోపలి నుంచి చీటీ పేర్లు పిలిచే గొంతు. డాక్టరు నాడి చూసి, రక్తం తక్కువని టానిక్కు రాసేవారు. నిద్ర పట్టడం లేదన్నాను. "పని చేసుకుంటే పడుతుంది" అన్నారు. అక్కడ నర్సు సుశీలమ్మ ఒక్కతే నా చెయ్యి పట్టుకుని, వెంటనే వదలకుండా ఉంచింది. మొగుడంపల్లి మనిషి, క్రైస్తవురాలు. నాకంటే పదేళ్లు పెద్ద.

"చేతులు గింత సల్లగున్నయేందమ్మా? దేనికి భయపడుతున్నవ్?"

నేను చెప్పేలోపు మా ఆయన అందుకున్నారు. "ఏమీ లేదండీ, బలహీనత."

అదొక అలవాటైపోయింది. ఎవరు నన్ను అడిగినా ఆయన జవాబు చెప్పేవారు. నేనూ ఊరుకునేదాన్ని. ఆ ఊరుకోవడమే నా కొంప ముంచింది.

1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. అమ్మ ఉత్తరాలు నెలకు రెండు వచ్చేవి, రెండు నెలలకు ఒకటి అయ్యాయి. అందులోనూ నాలుగు వాక్యాలే ఉండేవి. అందరం క్షేమం. నాన్నగారు కులాసా. నువ్వు కులాసా అని తలుస్తాను. నేనూ అలాగే జవాబు రాసేదాన్ని. ఒక మధ్యాహ్నం గూడ్సు బండి కూత వినిపించింది. రోజూ వినేదే. ఆ రోజు మాత్రం అది ఓడ కూతలా చెవిలో పడింది. రెండేళ్లుగా ఒంటరిగా గడప దాటనిదాన్ని, చెప్పులు కూడా లేకుండా స్టేషన్ దాకా నడిచి వెళ్లి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఎక్కడికమ్మా అని ఎవరో అడిగితే "రంగూన్" అన్నాను. బండి రంగూన్ వెళ్లదని నాకు తెలుసు. అడిగారు కాబట్టి, వెళ్లాలనిపించిన చోటు చెప్పాను. నవ్వులు. గుంపు. రోడ్డు పని మీదున్న ఆయనకు కబురు వెళ్లింది. ఆయన వచ్చి నా రెక్క పట్టుకుని ఊరి మధ్య నుంచి నడిపించుకుపోయారు. ఆ వారంలోనే హైదరాబాదు బస్సు ఎక్కించారు.

అది పిచ్చాస్పత్రి అని గేటు దాటేదాకా నాకు చెప్పలేదు.

ఓపీ హాలులో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు మర్యాదగల మనిషే. కేసు కాగితం ముందు పెట్టుకుని, "అమ్మది ఏ ఊరు?" అని అడిగారు.

"టెక్కలండి. శ్రీకాకుళం జిల్లా," అన్నారు మా ఆయన.

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నావైపు చూడలేదు.

"కాదండీ," అన్నాను. "నాది రంగూన్. మా అమ్మా నాన్నా అక్కడే ఉన్నారు."

డాక్టరు కలం ఆగింది. మా ఆయన నెమ్మదిగా, బాధపడుతున్నట్టు తల అడ్డంగా ఊపారు. "ఇదేనండి వరస. స్టేషన్‌లో కూడా ఇదే అన్నది."

డాక్టరు రాసుకున్నారు. నాకు ఇంగ్లీషు వచ్చునని ఆయనకు తెలియదు. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. సముద్రం అవతలి నగరం తన స్వస్థలమని భ్రమ. అదీ ఆయన రాసింది. నన్ను చేర్చుకున్నారు.

వార్డులో జరిగిన వైద్యం గురించి రాయను. గుర్తున్నది తక్కువ, గుర్తుంచుకోవాలనుకున్నది ఇంకా తక్కువ. ప్రతి రెండు రోజులకూ డాక్టరు వచ్చి అదే అడిగేవారు. ఏ ఊరమ్మా? రంగూన్ అనేదాన్ని. ఆయన నిట్టూర్చి మందు పెంచేవారు. బర్మీసులో మాట్లాడి చూపించాను. నర్సులు బెదిరిపోయారు, అదేదో అర్థంలేని భాష అనుకున్నారు. పాస్‌పోర్టు చూడమన్నాను. ఇంటికి రాసి తెప్పిస్తామన్నారు. ఇంట్లో దాన్ని ఎవరు దాచారో నాకు తెలుసు.

పక్క మంచంలో న్యాల్‌కల్ నుంచి వచ్చిన ముసలమ్మ ఉండేది. చచ్చిపోయిన కొడుకు రోజూ వచ్చి తనతో అన్నం తింటాడనేది. ఆవిడే అడిగింది, "మీ రంగూన్ల వాన ఎట్ల పడుతదే బిడ్డా?" అని. చెప్పాను. గొడుగులు, కాలువలు, తడి మెట్ల మీద అమ్మే చేప పులుసు, అన్నీ చెప్పాను. ముసలమ్మ ముక్కు మీద వేలేసుకుని విన్నది. ఆ వార్డులో నన్ను నమ్మింది ఆవిడ ఒక్కతే. ఆవిడను ఎవరూ నమ్మరు.

రెండు వారాలు దాటాక ఒక ఉదయం డాక్టరు అడిగినప్పుడు "టెక్కలి" అన్నాను. ఆయన మొహం విప్పారింది. "శాబాష్! మంచి గుణం కనిపిస్తోంది," అన్నారు. ఆ రోజు మందు తగ్గించారు. పాలు ఇచ్చారు. నేను ఆ పాలు తాగాను. నా జబ్బు మొత్తంలో, ఊపిరి ఆగినప్పుడు కూడా, నేను అంతగా చచ్చిపోలేదు.

ఆ శ్రావణంలో నా పర్మిట్ గడువు వచ్చింది. నేను ఠాణాకు వెళ్లకపోయేసరికి మాణిక్‌రావు గారే సంతకం కోసం మా ఇంటికి వచ్చారట. ఇది తరువాత ఆయన నోటి నుంచే విన్నాను. మా ఆయన మొదట ఊరెళ్లిందన్నారు. ఏ ఊరని అడిగితే తడబడ్డారు. పర్మిట్ ఉన్న మనిషి ఎక్కడున్నదీ రాయకపోతే తన ఉద్యోగానికి ముప్పు వస్తుందని గట్టిగా అడిగాక, హైదరాబాదు దవాఖాన పేరు చెప్పారు. మాణిక్‌రావు గారు ఠాణా తరఫున ఆస్పత్రికి ఉత్తరం రాశారు. రంగూన్‌లో జన్మించిన బర్మా దేశస్థురాలు వరహాలమ్మ తమ వద్ద ఉన్నారా, ధ్రువపరచగలరు. అంతే, సర్కారు మాటలు.

డాక్టరు ఆ కాగితం పట్టుకుని నా మంచం దగ్గరకు వచ్చారు.

"ఇదంతా మొదలే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను డాక్టరుగారూ. మీరు రాసుకున్నారు కూడా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మీ భర్త చెప్పినదాన్ని బట్టి..." అని ఏదో అనబోయి ఆపేశారు. క్షమించమంటారేమోనని చూశాను. అనలేదు. మూడో రోజు నన్ను పంపించేశారు. చీటీ మీద భ్రమ అన్న మాట కొట్టివేయలేదు. 'నయమైనది' అని కింద రాశారు.

బస్సులో మా ఆయన్ని అడిగాను.

"ఎందుకు అబద్ధమాడారు?"

కిటికీలోంచి చూస్తూ చెప్పారు. "వైద్యం ఖర్చు కోసం ఆస్పత్రి కాగితాలు మా ఆఫీసుకు వెళ్తాయి. విదేశీ మనిషిని చేసుకోవాలంటే ముందే పర్మిషన్ అడగాలి. నేను అడగలేదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది."

"నన్ను పిచ్చిదాన్ని చేసైనా సరేనా?"

"నాలుగు రోజుల్లో వచ్చేస్తావనుకున్నాను వరాలూ."

ఆయన దుర్మార్గుడు కాడు. భయస్థుడు. భయస్థులతో కాపురం చేసినవాళ్లకు తెలుస్తుంది, రెండింటికీ తేడా ఎంత తక్కువో.

తిరిగి వచ్చాక ఊరు నాకు కొత్త పేరు పెట్టింది. అది ఇక్కడ రాయను. పక్కింటివాళ్లు పిల్లల్ని మా వాకిట్లోకి రానిచ్చేవారు కాదు. ఊపిరి ఆగడం మళ్లీ మొదలైంది. ఈసారి ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే దవాఖానకు బయల్దేరాను. అర మైలు దూరం. మూడుసార్లు గోడలు పట్టుకుని నిలబడ్డాను. వరండా బల్ల మీద కూలబడితే సుశీలమ్మ చూసింది. లోపలికి తీసుకెళ్లి, గాయాలకు కట్టే పట్టీలు చుట్టే గదిలో స్టూలు వేసింది.

"ఇప్పుడు నీ ఎంబడి ఎవ్వరు లేరు. నువ్వే చెప్పు. ఏమైతుంది?"

మూడేళ్లుగా దాచుకున్నదంతా గంటసేపు చెప్పాను. ఆమె పట్టీలు చుడుతూ విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా 'మన దేశమే కదా' అనలేదు. చివర్న అన్నది: "నాకు ఇంత పెద్ద సదువు లేదమ్మా. దీని పేరేందో నాకు తెల్వదు. గని మొగుడంపల్లి ఇడిసి మొదటిసారి ట్రైనింగుకు పోయినప్పుడు నాకు గూడ గిట్లనే ఊపిరాడకుంటుండె. సావవు. నేను సచ్చిన్నా? ప్రతి గురువారం రా. పట్టీలు సుట్టుదాం."

అదీ నాకు దొరికిన వైద్యం. గురువారం గురువారం పట్టీలు చుట్టడం. ఊపిరి ఆగినప్పుడు పారిపోకుండా అక్కడే కూర్చుని, అది పోయేదాకా ఆమెతో మాట్లాడటం. మొదట దవాఖాన దాకా, తరువాత సంత దాకా, ఏడాదికి స్టేషన్ దాకా ఆమె నన్ను నడిపించింది. తగ్గడానికి రెండేళ్లు పట్టింది. ఇది చదివి వారంలో తగ్గుతుందనుకునేవాళ్లు ఉంటే, తగ్గదు. మీ మాట మీరే చెప్పగల చోటు ఒకటి వెతుక్కోండి. మీ బదులు మాట్లాడేవాళ్లను గది బయట కూర్చోబెట్టండి. నేను ఇవ్వగల సలహా ఇంతే.

1965లో అమ్మ వచ్చింది. దుకాణాలు, డిపోలు సర్కారు తీసుకున్నాక అక్కడి మనవాళ్లను ఓడలకు ఓడలు పంపేశారు. చెవి కమ్మలు కూడా తీయించి ఓడ ఎక్కించారట. విశాఖపట్నంలో దిగిన మనిషిని మా ఆయన వెళ్లి తీసుకొచ్చారు. ఒక్కతే వచ్చింది. నాన్న ఏరి అని అడిగితే, వెనక ఓడలో వస్తారంది.

వచ్చిన దగ్గర నుంచి అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. ముద్ద దిగేది కాదు. అత్తగారు గుమ్మంలో నిలబడి అనేసింది. "సొంత దేశానికొచ్చి ఏడుపేటమ్మా? బిడ్డ దగ్గరకేగా వచ్చావు!" మా ఆయన దవాఖాన చీటీ రాయించుకొస్తానని చెప్పులేసుకున్నారు.

"వద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరిద్దరూ వరండాలో కూర్చోండి. ఆవిడతో నేను మాట్లాడతాను."

అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. పొద్దెక్కింది. ఏమీ అడగలేదు. ఎంతసేపటికో తనే ఇటు తిరిగింది.

"మీ నాన్న లేరే," అంది. "రెండేళ్లయింది. డిపో తీసేసుకున్న నెలకే పోయారు."

"కులాసా అని రాశావు కదమ్మా."

"ఏటి రాయమంటావే? పరాయి చోట ఒక్కదానివి. ఉత్తరం చదివి తల్లడిల్లితే నిన్ను పట్టుకునేవాళ్లెవరని."

నాన్న పోయిన నెలలు లెక్కపెట్టుకున్నాను. అప్పటికి నేను ఆస్పత్రి నుంచి వచ్చి ఏడాది. అప్పుడు నేను రాసిన ఉత్తరాల్లోనూ క్షేమమే. ఇద్దరం సముద్రానికి చెరోవైపు కూర్చుని, చేతనైనంత శ్రద్ధగా ఒకరినొకరు మోసం చేసుకున్నాం.

అప్పుడు చెప్పాను. ఊపిరి ఆగడం, వేపమండలు, స్టేషన్, కేసు కాగితం, టెక్కలి అన్నందుకు ఇచ్చిన పాలు. గొంతు తగ్గించలేదు. వరండాలోకి వినపడుతుందని తెలుసు. చెబుతుండగానే కుర్చీ కదిలిన చప్పుడైంది, తరువాత సైకిల్ చప్పుడు. ఆయన చిరాగ్‌పల్లి వైపు వెళ్లిపోయారు. ఆ విషయం ఆయన ఈనాటికీ ఎత్తలేదు. నేను ఈనాటికీ క్షమించలేదు. వంట చేస్తాను, పెడతాను, ఒకే ఇంట్లో ఉంటాం.

అమ్మ అంతా విన్నది. నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. చాలాసేపు ఇద్దరం నాన్న కోసం ఏడ్చాం, రెండేళ్ల ఆలస్యంగా. ఏడుపు అయ్యాక ఆవిడ లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుంది.

"ఆకలేస్తోందే వరాలూ," అంది. "ఇక్కడేటి దొరుకుతుంది తినడానికి?"